చలిరాత్రి ఉయ్యాల పడక

రెండు చెట్ల నడుమ వ్రేలాడు వల ఉయ్యాల వేడిదేశముల సొత్తు. 1492లో కొలంబసు కరీబియను దీవులలో చూచినది దానినే. క్రిందనుండి గాలి ఆడి మేను చల్లబడుటయే అందలి సుఖము. ఆ సుఖమే చలికాలమున పగయగునని లంబసింగిలో మాకు తెలిసివచ్చినది.

సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ మన్యపు గ్రామమున, ఒక పుష్యమాసపు రాత్రి, ముగ్గురము ఉయ్యాలలు కట్టి, లోపల రెండేసి కంబళ్లు పరచుకొని పరుంటిమి. వీపు మంచుగడ్డయే! కంబళిలో చలి నాపునది ఉన్నికన్న ఉన్నిలో చిక్కుకొన్న గాలి. మన బరువునకు అణగి ఆ గాలి కాస్తా వెడలిపోవును.

మూడవ జామున మాలో పిన్నవాని వణకు ఆగినది. అలవాటుపడినాడని సంతసించితిమి కూడ. పలుకరించగా మాట ముద్దగా వచ్చినది. వణకుటకును శక్తి ఉడిగినదన్నమాట. వెంటనే దింపి, మంచుకు తడిసిన చొక్కా మార్చి, మా ఇరువురి నడుమ కప్పి కూర్చుండబెట్టి, మింగగలుగుచున్నాడని చూచుకొని, పంచదార కలిపిన వెచ్చని నీరు గుటకగుటకగా పట్టితిమి. తెల్లవారుసరికి తేరుకొన్నాడు.

మరునాటి రాత్రి కంబళ్లను ఉయ్యాలకు వెలుపల, అడుగున, వేరొక జోలెవలె వ్రేలాడగట్టి, అంచులలో సందు లేకుండ బిగించితిమి. బరువు పడలేదు, కంబళి అణగలేదు. గాలివాటున ఒక గుడ్డతెర. పిన్నవానిని కాఫీకి మేమే లేపవలసివచ్చినది.