తలకు తగిన శిరస్త్రాణము

బలమును, వేగమును చూచి ముచ్చటపడుట మన సీమకు కొత్త గాదు. ఒంగోలు గిత్తలు బండ లాగు పందెమునకు ఊళ్లకు ఊళ్లు కదలివచ్చును. ఆ ముచ్చటయే నేడు మన యువకులలో కొందరికి మోటారు కార్ల మీదికి మరలినది. సొంత కారును దాని శక్తి అంతయు తెలియునట్లు ఒక్కమారైన నడిపి చూడవలెనని వారి కోరిక. ఆ కోరికను చీరాలనుండి వాడరేవునకు పోవు బాటమీదనో, 216వ జాతీయ రహదారిమీదనో తీర్చుకొనబూనుట తమకును ముప్పు, దారిన పోవు పరులకును ముప్పు. దానికి తగిన చోటు వేరే కలదు. అది మోటారు పందెముల కొరకు కట్టిన ప్రత్యేకపు బాట.

చీరాలలో రైలెక్కి సుమారు 340 కిలోమీటర్లు దక్షిణముగా పోయినచో చెన్నపట్టణము చేరుదుము. ఆ పట్టణమునకు ఉత్తరమున షోలవరము అను ఊరు కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అచట వేసిన విమానముల బాటమీద 1950 దశకమునుండి చాలకాలము మోటారు పందెములు జరిగినవి. తరువాత మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు శ్రీపెరుంబుదూరు చేరువ ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకముగా ఒక బాటను నిర్మించి 1990లో తెరచిరి. దాని చుట్టుకొలత 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరులో కరివర్ధన్ పేర మరియొక బాట వెలసినది. మన హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న విద్యుత్తుతో నడచు కార్ల ప్రపంచస్థాయి పందెము జరిగినప్పుడు తెలుగువారు ఈ విద్యను కన్నులార చూచిరి.

ఇట్టి బాటలమీద పందెగాండ్రు కాని సామాన్యులు సొంత కార్లు నడుపుకొనుటకు ఏర్పరచు దినమును ‘ట్రాక్ డే’ అందురు. ఇందు గెలుపు లేదు, ఓటమి లేదు, బహుమానము లేదు. నేర్చుకొనుట ఒక్కటే ఫలము. పందెము కాదుగదా అని తలకు రక్షణ అక్కరలేదనుకొనుట పొరపాటు. పందెమైనను కాకున్నను గోడ మెత్తబడదు. కావుననే నిర్వాహకులు హెల్మెట్ లేనివారిని బాటమీదికి రానీయరు. అయితే నియమము తీర్చుటకు ఏదో యొక హెల్మెట్ తెచ్చుట వేరు, తన తలకు తగినదానిని ఎన్నుకొనుట వేరు. ఆ రెండవ దానిని గూర్చియే నేటి మా ప్రసంగము.

మొదట ఈ సాధనము ఏమి చేయునో తెలిసికొందము. తల రెండు మీటర్ల ఎత్తునుండి రాతినేలమీద పడినదనుకొందము. నేలను తాకు క్షణమున దాని వేగము గంటకు సుమారు 22 కిలోమీటర్లు. ఏ అడ్డమును లేనిచో ఆ వేగమంతయు రెండు మూడు మిల్లీమీటర్లలో ఆగిపోవలెను. అప్పుడు తలపై పడు దెబ్బ దాని బరువునకు ఆరువందల రెట్లు మించును. అదే వేగము మూడు సెంటీమీటర్ల దూరములో క్రమముగా ఆగినచో దెబ్బ డెబ్బది రెట్లకు లోపడును. ఆ మూడు సెంటీమీటర్లను మనకు సంపాదించి పెట్టునదే హెల్మెట్. దాని లోపలి తెల్లని పొర, మనము థర్మోకోల్ అని పిలుచు పదార్థము వంటిదే. అది తాను నలిగిపోయి తలను నలగనీయదు. గట్టిగా నుండుట దాని గుణము కాదు; సమయమునకు లొంగుటయే దాని గుణము. ఒకసారి నలిగినది మరల లేవదు. కావున గట్టి దెబ్బ తినిన హెల్మెట్ పైకి చెక్కు చెదరక కనబడినను దాని పని ముగిసినట్లే.

పైచిప్ప సంగతి మన చీరాల నేతగానికి చెప్పినచో వెంటనే బోధపడును. మేలురకపు హెల్మెట్ పైచిప్ప నిజమునకు వస్త్రమే. గాజునూలు, కర్బనపు నూలు, అరామిడ్ నూలు మొదలగువానిని గుడ్డగా నేసి, పొరలు పొరలుగా పరచి, బంకవంటి రెజిన్ పోసి గట్టిపరచుదురు. పడుగు పేకలు ఒకదానినొకటి పట్టుకొని భారమును పంచుకొనునట్లే, దెబ్బ ఒక్కచోట తగిలినను ఈ నూలు దానిని చిప్ప అంతటికి పంచిపెట్టును. వెల తక్కువవానిలో నేత ఉండదు. కరగించి అచ్చుపోసిన ప్లాస్టిక్ ఉండును.

ఈ విజ్ఞానము ఊరక వచ్చినది కాదు. నలుగు పొర గల హెల్మెట్‌కు దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు లొంబార్డ్, రోత్ అనువారు 1953లో పేటెంటు పొందిరి. 1956లో అమెరికాలో పీట్ స్నెల్ అను ఔత్సాహికుడు కారు పందెములో తలకు దెబ్బ తగిలి మరణించెను. ఆయన తలపై హెల్మెట్ లేకపోలేదు. ఉన్నది, కాని కాపాడలేకపోయినది. ఆ దుఃఖమునుండి ఆయన మిత్రులును, వైద్యుడైన జార్జి స్నైవ్లీయు 1957లో స్నెల్ స్మారక సంస్థను స్థాపించి, హెల్మెట్లను పగులగొట్టి పరీక్షించి నిగ్గు తేల్చు పనికి పూనుకొనిరి. పోయినవాడు వృత్తి పందెగాడు కాడు, మన ట్రాక్ డేకు పోవు యువకునివలె ముచ్చటకు కారు నడిపినవాడే అను విషయము మనము మరువరాదు.

ఇప్పుడు ఎన్నిక సంగతి. మన ఇండ్లలో మోటారు సైకిలు హెల్మెట్ సాధారణముగా ఉండును. దానినే తీసికొనిపోరాదా అని అనేకులు అడుగుదురు. మన దేశపు ఐ.ఎస్. 4151 ప్రమాణము ద్విచక్రవాహనము నడుపువారిని ఉద్దేశించి వ్రాసినది. 2021 జూను 1వ తేది నుండి ఐ.ఎస్.ఐ. ముద్ర లేని ద్విచక్రవాహన హెల్మెట్ అమ్మరాదని నియమము వచ్చినది. అది రహదారికి మేలైన నియమము. కాని కారులో ప్రమాదపు తీరు వేరు. మోటారు సైకిలు నుండి పడినవాడు దూరముగా ఎగిరిపడును. కారులోనివాడు పట్టీలతో ఆసనమునకు కట్టుబడి యుండి, చుట్టునున్న ఇనుప కమ్మీలకు తలను మరల మరల కొట్టుకొనవచ్చును. పెట్రోలు అంటుకొన్నచో వెంటనే వెలుపలికి రాలేక కొన్ని క్షణములు మంటలోనే యుండవలసి రావచ్చును.

స్నెల్ సంస్థవారు ఈ భేదమును గుర్తించి వేరువేరు ముద్రలు ఏర్పరచిరి. ‘ఎమ్’ అనునది మోటారు సైకిలువారిది, ‘కె’ అనునది చిన్న కార్టులవారిది, ‘ఎస్.ఎ.’ అనునది కారు పందెములవారిది. ఎస్.ఎ. ముద్ర గలదానికి ఇనుప కమ్మీ దెబ్బ పరీక్షయు, మంట పరీక్షయు కలవు. ‘కె’ ముద్రకు మంట పరీక్ష లేదు. ‘ఎమ్’ ముద్రకు రెండును లేవు. ముద్ర ప్రక్కనున్న అంకె ప్రమాణపు సంవత్సరము. 2015, 2020, 2025 అని ఐదేండ్లకొకమారు దానిని సవరించుచున్నారు. అంతర్జాతీయ మోటారు సమాఖ్యవారి 8859 సంఖ్య గల ముద్రయు కార్లకు తగినదే. ఎంతవరకు పాత ముద్రను అంగీకరింతురో ఒక్కొక్క నిర్వాహకుడు ఒక్కొక్క విధముగా నిర్ణయించును. కావున సొమ్ము చెల్లించుటకు ముందే వారి నియమావళిని తెప్పించుకొని చదువుట యుక్తము.

ముద్ర ఉన్నదని చూచినంతనే నమ్మరాదు. రోడ్డు ప్రక్కన గుట్టలుగా పోసి అమ్ము హెల్మెట్లమీద ముద్రలు అంటించుట కష్టమైన పని కాదు. ఐ.ఎస్.ఐ. గుర్తుతో పాటు లైసెన్సు సంఖ్య యుండవలెను. ఆ సంఖ్యను భారతీయ ప్రమాణాల సంస్థవారి ‘బి.ఐ.ఎస్. కేర్’ యాప్‌లో సరిచూచుకొనవచ్చును. స్నెల్ ముద్ర హెల్మెట్ లోపలి మెత్తటి గుడ్డ క్రింద అంటించి యుండును. పరీక్షకు నెగ్గిన రకముల పట్టికను ఆ సంస్థవారే అందరికిని అందుబాటులో నుంచిరి.

ముద్ర తరువాత ముఖ్యమైనది కొలత. ఎంత వెల పెట్టినను తలపై కదలాడు హెల్మెట్ వ్యర్థము. కుట్టుపనివాని టేపు తీసికొని, కనుబొమలకు ఒక అంగుళము పైగా, వెనుక తల మిక్కిలి ఉబ్బిన చోటి మీదుగా చుట్టి సెంటీమీటర్లలో కొలువవలెను. మూడుమార్లు కొలిచి అందులో పెద్ద అంకెను గ్రహింపవలెను. ఒక్కొక్క తయారీదారుని పట్టిక ఒక్కొక్క తీరు. ఒకరి ‘మధ్యమము’ ఇంకొకరికి ‘పెద్దది’ కావచ్చును. మరియు తలలు అన్నియు ఒకే ఆకారమున ఉండవు. కొన్ని గుండ్రన, కొన్ని కోల. చుట్టుకొలత సరిపోయినను ఆకారము కుదరనిచో నుదుటిమీద ఒక్కచోట ఒత్తిడి కలుగును.

ధరించిన పిమ్మట నాలుగు పరీక్షలు చేయవలెను. రెండు చేతులతో హెల్మెట్‌ను పట్టి కుడిఎడమలకు త్రిప్పినప్పుడు చెంపల చర్మము దానితో కూడ కదలవలెను. చర్మము నిలిచి హెల్మెట్ మాత్రమే తిరిగినచో అది పెద్దది. గడ్డము క్రింది పట్టీ బిగించి, మరియొకరిచేత వెనుక అంచును పట్టి పైకి, ముందునకు లాగించవలెను, ఊడి రాకూడదు. అరగంటసేపు తీయక కూర్చుండి చూడవలెను. అంతట సమముగా బిగువు ఉండవచ్చును గాని, ఏ ఒక్కచోటను నొప్పి ఉండరాదు. కండ్లద్దములు ధరించువారు వానితోనే పరీక్షింపవలెను. చీరాల వంటి ఊళ్లలో ఎస్.ఎ. ముద్ర గలవి అంగడిలో దొరకుట అరుదు. చూడకయే తెప్పించుకొనువారు మార్చి యిచ్చు షరతు గలచోటనే కొనుట మంచిది.

ముఖము తెరచి యుండునవి, మూసి యుండునవి అని హెల్మెట్లు రెండు తెరగులు. మూసియుండునది దవడను, కండ్లను కూడ కాపాడును. 2009లో హంగరీ దేశమున ఫెలిపె మాస్సా అను పందెగాని తలకు ముందు కారునుండి ఊడిన సుమారు 800 గ్రాముల స్ప్రింగు తగిలినది. హెల్మెట్ వలన ఆయన బ్రతికి మరుసటి ఏట మరల పందెములో పాల్గొనెను. ఆ పిమ్మట కంటి పలక పైభాగమును మరింత దృఢపరచిరి. మన సముద్రతీరపు ఉక్కకు మూసిన హెల్మెట్ వేడిగా తోచుట సహజము. గాలి రంధ్రములు చక్కగా నున్నదానిని, లోపలి గుడ్డ తీసి ఉతుకుకొన వీలగుదానిని ఎన్నుకొనుటయే దానికి మందు.

తల క్రింద మెడ కలదు. తల బరువు నాలుగున్నర కిలోలు, హెల్మెట్ ఒకటిన్నర కిలో అనుకొన్నచో, ఢీకొన్నప్పుడు ఏబది రెట్ల దెబ్బకు మెడ మోయు భారము మూడువందల కిలోలు. కావున ఒకే ముద్ర గలవానిలో తేలికయైనదే మేలు. మెడను కాపాడుటకు అమెరికా ఆచార్యుడు రాబర్ట్ హబ్బర్డ్ 1980 దశకములో ‘హాన్స్’ అను సాధనమును కల్పించెను. 2001లో డేల్ ఎర్న్‌హార్ట్ అను ప్రసిద్ధుడు పుర్రె అడుగు చిట్లి మరణించిన పిమ్మట దాని విలువ లోకమునకు తెలిసినది. 2003 నుండి ఫార్ములా వన్ పందెములలో అది తప్పనిసరి అయినది. అయితే రెండు భుజములమీదుగా వచ్చు పందెపు పట్టీలు ఉన్నప్పుడే అది పనిచేయును. మామూలు కారు పట్టీతో పనికిరాదు. నేడు అక్కరలేకున్నను, దానిని తగిలించుటకు మరలు గల హెల్మెట్ కొన్నచో రేపటికి ఉపకరించును.

హెల్మెట్ క్రింద తలకు కట్టుకొను గుడ్డ విషయములో నేతగాండ్ర ఊరివారికి వేరుగా చెప్పనక్కరలేదు. నైలాను, పాలియెస్టరు మంటకు కరగి చర్మమునకు అంటుకొనును. నూలుగుడ్డ కాలునుగాని కరగి అంటుకొనదు. మంటకు ఓర్చునట్టి నోమెక్స్ గుడ్డ అన్నిటికంటె మేలు.

కొనిన పిమ్మట పోషణ. పెట్రోలుతో గాని, రంగు పలుచన చేయు ద్రవములతో గాని తుడువరాదు. ఎండలో నిలిపిన కారులో వదలరాదు. గోరువెచ్చని నీరు, మెత్తని సబ్బు చాలును. దెబ్బ తగులకున్నను ఐదేండ్లకు మార్చుట మేలని స్నెల్ సంస్థవారి సలహా. ఇతరులు వాడినదానిని చవుకగా కొనరాదు. దాని చరిత్ర మనకు తెలియదు.

ఎస్.ఎ. ముద్ర గల హెల్మెట్ వెల పదులవేల రూపాయలు. కొందరు కొత్త చక్రములకు, ఇంజను శక్తి పెంచుటకు లక్ష వెచ్చించి, హెల్మెట్ దగ్గరకు వచ్చునప్పటికి బేరమాడుదురు. వరుస తలక్రిందు కావలెను. ముందు తల, తరువాత బ్రేకులు, ఆ తరువాతనే వేగము. సొమ్ము చాలనిచో ఒక సంవత్సరము ఆగవచ్చును. బాట ఎక్కడికిని పోదు. ఏడాదికొకమారు మాత్రమే పోవువారు నిర్వాహకులవద్ద అద్దెకు దొరకునేమో విచారింపవచ్చును. అయినను ముద్ర, కొలత, చరిత్ర చూడక ధరింపరాదు.

కుమారుడు ట్రాక్ డేకు పోవుదుననినప్పుడు తలిదండ్రులు వలదని అడ్డుపడుటకంటె, “ఏ ముద్ర గల హెల్మెట్ కొంటివి? ఏ కొలత?” అని అడుగుట మేలు. వలదనినచో రాత్రివేళ రహదారిమీదికి పోవు ప్రమాదము కలదు. సరియైన ప్రశ్న అడిగినచో సరియైన చోటికే పోవును. బ్రతికియుండిన బలుసాకు తినవచ్చునని పెద్దలనిరి. తల నిలిచియున్నచో వేగమును మరల మరల అనుభవింపవచ్చును.