ఫూరియర్ శ్రేణి: చేరునా, చేరదా?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో గణితమేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. అందుచేత వీణతోనే మొదలుపెడతాము. తీగను మీటితే వినబడేది ఒక్క స్వరము కాదు. మూలస్వరముతోబాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు వేగముతో ఊగే సన్నని స్వరములు కూడ అందులో కలిసి ఉంటాయి. 1807లో ఫ్రెంచి పండితుడు ఫూరియర్, వస్తువులలో వేడి ప్రాకే తీరును విచారిస్తూ, ఎటువంటి రేఖనైనా ఇట్టి అలల మొత్తముగా వ్రాయవచ్చునన్నాడు. వృద్ధుడైన లగ్రాంజి ఒప్పుకోలేదు.

చిక్కేమిటంటే, అది అంతులేని మొత్తము. అలకు అల కూడుతూ పోతే కోరిన రేఖను చేరునా? ఈ చేరికకే అభిసరణ అని పేరు. 1829లో డిరిక్లే కొంత ధైర్యము చెప్పాడు. మలుపులూ, తెగిన చోట్లూ లెక్కకు మించని రేఖకు శ్రేణి చేరి తీరుతుంది. తెగినచోట మాత్రము ఇరువైపుల విలువలకు సరిగా నడుమ నిలుస్తుంది.

అక్కడొక చిత్రము. గోడవలె నిటారుగా లేచే రేఖను అలలతో కట్టి చూడండి. అంచు దగ్గర మొత్తము, గోడ ఎత్తులో నూటికి సుమారు తొమ్మిది పాళ్లు మీరి పొంగుతుంది. వేయి అలలు కలిపినా ఆ పొంగు సన్నబడి అంచుకు జరుగుతుందే కాని ఎత్తు తగ్గదు. పాలపొంగు మీద నీళ్లు చల్లే మన ఇల్లాండ్రకు కూడ ఇది లొంగదు!

పోనీ, ఎక్కడా తెగని రేఖ అయితేనో? 1873లో జర్మన్ పండితుడు దుబ్వా రేమో, అట్టి రేఖకు కూడ ఒకచోట శ్రేణి చేరకపోవచ్చునని చూపాడు.

1900లో దారి చూపినవాడు ఇరవయ్యేండ్ల హంగరీ యువకుడు ఫేయెర్. మొత్తములను కాదు, వాటి సగటులను చూడుమన్నాడు. ఒకటి కలిపి, ఒకటి తీసివేస్తూ పోతే మొత్తము 1, 0, 1, 0 అని ఊగుతూనే ఉంటుంది. సగటు మాత్రము అరకు చేరుతుంది. ఈ పద్ధతిలో తెగని రేఖ ఏదైనా సరే, శ్రేణి చేరుతుంది. ఇందాకటి పొంగు కూడ అణగిపోతుంది.

ఈ సగటుల విద్యలో కృషి చేసిన మీనాక్షిసుందరంగారు త్రిచూరులో పుట్టి, వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆచార్యులైనారు. 1952లో చంద్రశేఖరన్‌గారితో కలిసి దీనిమీద గ్రంథము వెలువరించారు. మనవారు ఇటు వచ్చినట్లే ఆయన అటు వెళ్లారన్నమాట.

సగటులు సరే, మామూలు మొత్తముల సంగతి? 1966లో స్వీడన్ దేశపు కార్లెసన్ తేల్చాడు. తెగని రేఖకు శ్రేణి దాదాపు అంతటా చేరుతుంది. చేరని చోట్లన్నీ కలిపి కొలిచినా పొడవు సున్న. చేరదని చూపుదామనే ఆయన మొదట పూనుకొన్నాడట. ఫూరియర్ మాటకు అప్పటికి 159 ఏండ్లు.