వంపులో జారిపోయే వెలుగు

విజయనగరం మహారాజా కళాశాలలో ఎ.ఎల్. నారాయణ్, గున్నయ్య, కొచ్చెర్లకోట రంగధామరావు కలిసి థాలియం ఆవిరిలోంచి కాంతిని పంపి, ఆ ఆవిరి దాన్ని ఎంత పీల్చుకుంటుందో కొలిచారు. ఆ పరిశోధన 1924లో లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో అచ్చయింది. నారాయణ్ తర్వాత కొడైకెనాల్ సౌర వేధశాలకు డైరెక్టరయ్యారు. 1898లో బరంపురంలో పుట్టిన రంగధామరావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వర్ణపట శాస్త్రానికి గట్టి పునాది వేశారు. ఆయన స్మృతికి సమర్పించే ప్రసంగం చీపురుపల్లిలో జరిగినప్పుడు, కాంతి ఎక్కడ పోతుందన్న ప్రశ్న ఎత్తుకోవడమే సబబు.

ఆ ప్రశ్న ఇప్పుడు కరెంటు స్తంభాల మీద ఉంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, కేబుల్‌ను చాలావరకు విద్యుత్ స్తంభాల మీదుగానే ఊళ్లకు లాగింది.

అందులోని గాజు పోగు మొత్తం మందం 125 మైక్రాన్లు. వెలుగు నడిచే గర్భం దాదాపు తొమ్మిదే. 1966లో చార్లెస్ కావో, హాక్‌హామ్ కిలోమీటరుకు నష్టం 20 డెసిబెల్స్‌కు దిగితే చాలు, గాజుతో కబుర్లు పంపవచ్చన్నారు. 1970లో కార్నింగ్ శాస్త్రవేత్తలు దాన్ని సాధించారు. నేడు 1550 నానోమీటర్ల దగ్గర ఆ నష్టం సుమారు 0.2 డెసిబెల్. అంటే విజయనగరం నుంచి చీపురుపల్లికి, సుమారు 30 కిలోమీటర్లు వచ్చేసరికి కూడా నాలుగో వంతు వెలుగు మిగులుతుంది. గాజు తన వంతు పని చేసింది.

వంపు దగ్గరే చిక్కు. వెలుగు పూర్తిగా గర్భంలోనే ఉండదు. దాని అంచు చుట్టూ ఉన్న గాజు పొరలోకి కొంత చాచుకొని ఉంటుంది. కళ్లంలో బంతి తిప్పేటప్పుడు గుంజ దగ్గరి ఎద్దు నిదానంగా నడిస్తే, చివరి ఎద్దు పరుగెత్తాలి. వంపు తిరిగే తరంగానికీ అదే గతి: బయటి అంచు లోపలి భాగంతో కలిసి నడవాలంటే వేగం పెంచాలి. ఒక దూరం దాటాక, ఆ గాజులో కాంతికి సాధ్యమైన వేగాన్నే మించాల్సి వస్తుంది. మించలేదు కాబట్టి ఆ భాగం విడిపోయి బయటికి వికిరణమైపోతుంది. వంపు వ్యాసార్థం తగ్గేకొద్దీ ఈ నష్టం ఘాతీయంగా పెరుగుతుంది. బెల్ ల్యాబ్స్‌లో మార్కటిలి 1969లో, మార్క్యూజ్ 1976లో దీనికి లెక్క కట్టారు. పరమాణు కేంద్రకం నుంచి ఆల్ఫా కణం తప్పించుకునే తీరుకు 1928లో గామోవ్ చెప్పిన గణితమూ దీనికి దగ్గరి చుట్టమే.

అన్నిచోట్లా ఇది నష్టం కాదు. ఇండోర్‌లోని ఇండస్-2లో ఎలక్ట్రాన్లను అయస్కాంతాలతో వంచి, అవి వెదజల్లే ఎక్స్‌కిరణాలనే శాస్త్రవేత్తలు వాడుకుంటారు. ఫైబర్ పనివారి చేతి పరికరమొకటి పోగును కాస్త వంచి, కారిన వెలుగును పట్టి, లైన్‌లో సిగ్నల్ ఉందో లేదో చెబుతుంది.

ఇంట్లో ఇంటర్నెట్ పెట్టెమీద ఎర్ర లైటు వెలిగితే అందరూ కేబుల్ తెగిందనే అనుకుంటారు. ప్రతిసారీ తెగి ఉండదు, కొన్నిసార్లు స్తంభం దగ్గర మిగిలిన తీగను పిడికెడు చుట్టగా బిగించి కట్టేసి ఉంటారు. తీగలో నష్టం ఎక్కడుందో చూపే ఓటీడీఆర్ పరికరంతో 1310, 1550 నానోమీటర్లు రెండింటి దగ్గరా చూస్తే గుట్టు బయటపడుతుంది: సరిగా పడని అతుకు రెండుచోట్లా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, వంపు మాత్రం 1550లో ఎక్కువ నష్టం చూపుతుంది. ఇళ్లలోకి 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్థం వరకూ తట్టుకునే జి.657.ఏ2 రకం ఫైబర్ వచ్చింది గానీ, చేతి శ్రద్ధకు అది బదులు కాదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ స్తంభాలను కూల్చినట్టు మరో తుపాను కూల్చిననాడు, హడావుడిగా తీగ మళ్లీ కట్టేవారికి ఈ చదువు అవసరం.

ఈ ప్రాంతపు ఐటీఐ, డిగ్రీ కళాశాలల అధ్యాపకులకు ఒక విన్నపం. ఒక కాంతి జనకం, ఒక పవర్ మీటర్, నాలుగు మీటర్ల ఫైబర్ సంపాదించండి. దాన్ని పెన్సిల్ మీద, మార్కర్ మీద, గ్లాసు మీద చుట్టించి, ప్రతి వ్యాసార్థానికీ ఎంత వెలుగు పోయిందో పిల్లల చేతే కొలిపించి గ్రాఫు గీయించండి.