జీవో చాలదు, చట్టం కావాలి

(అమీర్‌పేటలో ఆదివాసీ యువత సమావేశంలో మాట్లాడిన మాటలు. రాలేకపోయిన మీ కోసం ఇక్కడ పెడుతున్నాం.)

జై ఆదివాసీ!

అక్కలారా, చెల్లెళ్లారా, తమ్ముళ్లారా! అమీర్‌పేట మెట్రో దిగి మైత్రివనం వైపు నడవండి. జావా, పైథాన్, బోర్డులే బోర్డులు. మన ఏజెన్సీ పిల్లలు పంజాగుట్ట హాస్టళ్లలో ఉండి ఇవే నేర్చుకుంటున్నారు. మంచిదే. కానీ హాస్టల్లో ఏసీ చెడిపోతే వచ్చేదెవరు? మగ మెకానిక్కే. ఇదే రోడ్డు మీద కొత్త బిల్డింగ్ లేస్తుంటే తట్ట మోసేది ఆడమనిషి, తాపీ పట్టేది మగ మేస్త్రీ. కూలి తేడా అక్కడే మొదలవుతుంది.

మరి పని నేర్పే స్కీములు? ఈ రోజు ఉంటాయి, రేపు పోతాయి. వాటిని కాపాడేది కాగితం వెనకున్న చట్టబలం. మన గడ్డ మీది రెండు కేసులు చూడండి.

ఒకటి, 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగాల్లో మహిళలకు 30 శాతం వరకు ప్రాధాన్యం ఇస్తూ రూల్ 22-ఏ తెచ్చింది. హైకోర్టు కొట్టేసింది. 1995లో విజయకుమార్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. రాజ్యాంగం 15(3) ప్రకారం మహిళల కోసం ప్రత్యేక ఏర్పాటు చేయొచ్చు, ఉద్యోగాలకూ అది వర్తిస్తుందని చెప్పింది.

రెండోది మన గాయం. 2000లో వచ్చిన జీవో నం. 3 షెడ్యూల్డ్ ప్రాంత టీచర్ పోస్టులన్నీ ఆదివాసీలకే ఇచ్చింది, అందులో మూడో వంతు ఆడపిల్లలకు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రద్దు చేసింది. నూరు శాతం చెల్లదంది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు షరతులతో మిగిలాయి. తర్వాతి తరానికి తలుపు మూసుకుంది.

అమెరికాలోనూ ఇదే గొడవ. షికాగోలో 1981 నుంచి ఆడవాళ్లకు నిర్మాణ పనులు నేర్పుతున్న 'షికాగో ఉమెన్ ఇన్ ట్రేడ్స్' సంస్థ, 2025లో ట్రంప్ ఉత్తర్వుల మీద కోర్టుకెళ్లింది. మార్చిలో జడ్జి కొన్ని భాగాల అమలును తాత్కాలికంగా ఆపారు. వాళ్లు ఏడుస్తూ కూర్చోలేదు, కేసు వేశారు.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. 15(3) "చేయొచ్చు" అంటుంది, "చేసి తీరాలి" అనదు. ఇష్టమున్న ప్రభుత్వం ఇస్తుంది, లేనిది తీసేస్తుంది. 1961 అప్రెంటిస్ చట్టం 3ఏ సెక్షన్ ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ స్థానాలు రిజర్వ్ చేసింది. కానీ ఆ సెక్షన్‌లో ఎస్టీ ఆడపిల్లకు విడిగా వాటా లేదు. ఆమె ఎస్టీ లెక్కలోనూ వెనకే, మహిళల లెక్కలోనూ వెనకే.

అందుకే అడుగుతున్నాం. ఐటీఐల్లో, అప్రెంటిస్‌షిప్‌లో ఆదివాసీ ఆడపిల్లకు వాటా శాసనసభ చట్టంగా రావాలి. కోర్టులో నిలబడేలా, లెక్కలతో, కారణాలతో రాయాలి. సీటుతోపాటు హాస్టల్, స్టైపెండ్ ఉండాలి. హాస్టల్ లేని సీటు ఊట్నూరు పిల్లకు సీటే కాదు.

మీ ఊరి ఐటీఐకి వెళ్లండి. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వెల్డర్ ట్రేడుల్లో మన పిల్లలు ఎందరున్నారో సమాచార హక్కు కింద అడగండి. ఆ కాగితమే రేపు కోర్టులో మన సాక్ష్యం.

అడవి మీద హక్కు ఎంతో, పనిముట్టు మీద హక్కూ అంతే. జోహార్!