కారు షెడ్డు షట్టరు: బాగు చేయించాలా, మార్పించాలా?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ఎప్పుడూ కరువు భత్యం గురించో, వైద్య ఖర్చుల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి ఇంటి సంగతి మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. మనలో చాలామందికి ఇంటి ముందు షెడ్డు ఉంది. అందులో కారో, స్కూటరో, మల్గీ అయితే అద్దెకున్న వారి సామానో ఉంటుంది. దానికో ఇనుప షట్టరు. అది మొరాయించినప్పుడు బాగు చేయించాలా, తీసి కొత్తది పెట్టించాలా అన్నదే నేటి విషయం.

మన ప్రాంతంలో తలుపుకు మొదటి శత్రువు గోదావరి. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరినప్పుడు నేను సర్వీసులో ఉన్నాను, నష్టాల జాబితాలు రాశాను. నీరు తీశాక టేకు తలుపులు ఉబ్బి బిగుసుకుపోయినా, నీడలో ఆరాక చాలావరకు మళ్లీ దారికొచ్చాయి. ప్లైవుడ్ తలుపులు మాత్రం పొరలు పొరలుగా విచ్చుకుపోయాయి. ఇనుప షట్టర్లు చూడటానికి బాగానే ఉన్నా, గైడుల్లో ఒండ్రు గట్టిపడి కదల్లేదు. 2022 జులైలో 71.3 అడుగుల వరద వచ్చినప్పుడు మా షెడ్డులోనూ మోకాలి పైకి నీరు నిలిచింది. అప్పుడు మొదలైన తుప్పు కింది పట్టీలను తినుకుంటూ వచ్చింది. పోయిన వేసవిలో స్ప్రింగు కూడా తెగింది.

షట్టరు ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం నిర్ణయం అయినట్టే. పైన డబ్బాలో ఒక పైపు, దాని మీద స్ప్రింగులు ఉంటాయి. షట్టరు దించినప్పుడు స్ప్రింగు బిగుస్తుంది, ఎత్తేటప్పుడు ఆ బిగువే బరువును మోస్తుంది. మా షట్టరు పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు, అంటే సుమారు 7.4 చదరపు మీటర్లు. పద్దెనిమిది గేజి రేకు దాదాపు 1.2 మిల్లీమీటర్ల మందం, చదరపు మీటరుకు సుమారు 9.4 కిలోలు. రేకు బరువే 70 కిలోలు. పట్టీలు వంపులు తిరిగి ఉంటాయి కనుక అసలు బరువు ఇంకా ఎక్కువే. స్ప్రింగు ఉన్నన్నాళ్లూ ఆ బరువు మనకు తెలియదు. తెగిన రోజు మొత్తం మన నడుం మీద పడుతుంది.

ముగ్గురిని అడిగాను, మూడు మాటలు వచ్చాయి. షట్టరు మేస్త్రీ మరమ్మతుకు తొమ్మిది వేలన్నాడు. కొత్త షట్టరుకు దుకాణదారు ఇరవై ఏడు వేలన్నాడు. పొరుగు దేశంలో ఉన్న మావాడు, డబ్బు పంపుతాను, మీట నొక్కితే లేచే మోటారు షట్టరు పెట్టించమన్నాడు. ఆఫీసులో మూడు కొటేషన్లు తెచ్చి తక్కువ దానికి టిక్కు పెట్టేవాళ్లం. ఇంట్లో అది చాలదు. చూడవలసినవి నాలుగున్నాయి.

ఒకటి, చెడింది ఏది? స్ప్రింగు, తాళం, గైడు చెడితే మార్చుకోవచ్చు. పట్టీలు ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి కాబట్టి, కింది నాలుగైదు తుప్పు పడితే వాటినే లాగి కొత్తవి ఎక్కించవచ్చు. సగానికి పైగా పట్టీలు చిల్లులు పడితే మాత్రం మరమ్మతు అతుకుల బొంతే.

రెండు, గోడ సంగతేమిటి? పైపును మోసే బ్రాకెట్ల దగ్గర గోడ పగిలితే కొత్త షట్టరు కూడా నిలవదు. ముందు గోడ, తర్వాతే షట్టరు. మా పక్క వీధి మిత్రుడొకరు ఈ కారణంగానే మొత్తం తీయించి కొత్తది పెట్టించారు. ఆయన చేసింది సబబే.

మూడు, కరెంటు. మోటారు మంచిదే, మోకాళ్ల నొప్పులున్న వారికి వరమే. కాని వరద వచ్చిన రాత్రి మొదట పోయేది కరెంటు. చేత్తో లాగే గొలుసు లేని మోటారు షట్టరు మన ఊళ్లో పెట్టించకండి.

నాలుగోది అసలైనది. ఎత్తేది ఎవరు? "ఈ వయసులో ఇంకా కొత్తవెందుకు, మనమెన్నాళ్లుంటాం" అని మనలో చాలామంది అంటారు. మనం పోయాక ఇంట్లో ఉండేది మన ఇల్లాలు. మన పెన్షన్ జీతంలో సగం వరకూ ఉంటే, తర్వాత ఆమెకు వచ్చే కుటుంబ పెన్షన్ 30 శాతం. అప్పుడామె మేస్త్రీల చుట్టూ తిరగాలా? ఆ తలుపు మన చేతికి కాదు, ఆమె చేతికి సరిపోవాలి.

మా షట్టరులో పైపట్టీలు, గోడ గట్టిగానే ఉన్నాయి కనుక మరమ్మతే నిర్ణయించాను. తెగింది ఒకటే అయినా, రెండు స్ప్రింగులూ ఒకే వయసువి కాబట్టి రెండూ మార్పించాను. కింద ఆరు పట్టీలు జీఐవి వేయించాను. మేస్త్రీకి ఒకటే షరతు పెట్టాను: మా ఆవిడ ఒంటి చేత్తో ఎత్తి, దించి చూపితేనే బిల్లు పాసవుతుందని. మొదటిసారి ఆమె "నడుం పట్టేస్తోంది" అంది. మేస్త్రీ గొణుక్కుంటూనే స్ప్రింగు ఇంకో రెండు చుట్లు బిగించాడు. రెండోసారి లేచింది. అప్పుడే డబ్బిచ్చాను. మావాడికి, ఆ డబ్బు మీ అమ్మ పేర బ్యాంకులో వెయ్యమని చెప్పాను.

చర్ల, దుమ్ముగూడెం వైపు మిత్రులకు ఇప్పటికీ చెక్క తలుపులే ఎక్కువ. అక్కడి శత్రువు చెదలు. తలుపు అడుగు నేలకు తగలకుండా రెండంగుళాలు కోయించి, రేకు తొడిగిస్తే చాలా ఏళ్లు వస్తుంది. కొత్త టేకు కొనేటట్టయితే డిపో రసీదు, రవాణా పర్మిట్టు లేకుండా బండెక్కించకండి. చవకని కొన్న దుంగ చెక్‌పోస్టు దగ్గర ఖరీదవుతుంది.

చివరగా జాగ్రత్తలు. బిగిసిన స్ప్రింగును మీరుగా విప్పకండి, విడిపోతే చేతులు విరుగుతాయి. సగంలో ఆగిన షట్టరు కింద నిలబడకండి, మనవలను ఆడనివ్వకండి. గైడుల్లో చిక్కటి గ్రీజు పూస్తే దుమ్ము పట్టి పిడచ కడుతుంది. గుడ్డతో తుడిచి పల్చని నూనె వెయ్యండి. వరద తగ్గిన రోజే, ఒండ్రు ఆరకముందే మంచినీటితో కడగండి.

ఈ సాయంత్రం ఇంటికి వెళ్లాక మీ షెడ్డు తలుపు మీరు ఎత్తకండి. ఇంటావిడను ఒకసారి ఎత్తి చూడమనండి. బాగు చేయించాలో, మార్పించాలో అక్కడే తేలుతుంది.