మా వంటింటి గూట్లో వేరే గ్లాసు
(వ్యవసాయ కూలీల సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



నన్ను చదువు గురించి మాట్లాడమని పిలిచారు. ఇవాళ అది పక్కనపెట్టి మా ఇంటి సంగతి ఒకటి చెబుతా. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా ఊరి టీ హోటల్లో మనకు గ్లాసులు వేరే. చూరులో పెట్టేవాళ్ళు. మనమే తీసుకుని, తాగి, కడిగి మళ్ళీ చూరులో పెట్టాలి. దాని మీద కొట్లాడాం, దెబ్బలు తిన్నాం, కేసు పెట్టాం. 2011లో మా అమ్మకి గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ వచ్చింది. పెద్దాసుపత్రిలో వారాల తరబడి కరెంటు పెట్టారు. బతికి ఇంటికొచ్చింది. నెల రోజులకు చూద్దును గదా, మా వంటింటి గూట్లో అమ్మ గ్లాసు, అమ్మ కంచం వేరే! ఎవరు పెట్టారు? అమ్మే పెట్టుకుంది. హోటలు చూరు మీద కేసు పెట్టినవాణ్ణి, నా ఇంటి గూడు చూసి చాన్నాళ్ళు ఊరుకున్నా.

ఒకరోజు అడిగితే, "పిల్లలకి అంటుకుంటదేమో అయ్యా. ఏ జన్మలో చేసిన పాపమో, నాతో పోనీ" అంది.

పుండు మానింది, నొప్పి తగ్గింది. కానీ పెళ్ళిళ్ళకి రాదు, మనవరాల్ని ఎత్తుకోదు. చెకప్‌కి పోదామంటే "పోయేదానికి బస్సు చార్జీలెందుకు" అంటది. రోగం వదిలినా రోగం మీది నమ్మకం వదల్లేదు.

లెవెంతాల్ అని అమెరికాలో ఒక మానసిక శాస్త్రవేత్త 1980 ప్రాంతంలో ఈ సంగతే పట్టుకున్నాడు. రోగం వచ్చిన మనిషి మనసులో ఒక బొమ్మ గీసుకుంటాడు: ఇదేం రోగం, ఎందుకొచ్చింది, ఎన్నాళ్ళుంటుంది, నన్నేం చేస్తుంది, లొంగుతుందా లొంగదా అని. ఆ బొమ్మని బట్టే నడుచుకుంటాడు. తర్వాత క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్ళని చాలా దేశాల్లో అడిగి చూశారు. బతుకంతా పాడైపోయింది, ఇక చేసేదేం లేదు అనుకునేవాళ్ళలో దిగులు ఎక్కువ కనబడింది. రోగం సంగతి అర్థమై, వైద్యానికి లొంగుతుందని నమ్మినవాళ్ళు కాస్త కుదురుగా ఉన్నారు. దిగులున్నవాళ్ళకే అట్టాంటి ఆలోచనలొస్తాయి గదా అని మీరు అడగొచ్చు. నిజమే, అదీ ఉంటుంది. ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

మా అమ్మ మనసులో బొమ్మ ఎవరు గీశారు? మాదిగింట పుట్టడమే పోయిన జన్మ పాపం అని చెప్పినవాళ్ళు గీశారు. పుట్టుక దగ్గర ఆ మాట అబద్ధమని అంబేడ్కర్‌ని చదివి తెలుసుకున్నాం. రోగం దగ్గరికొచ్చేసరికి అదే మాటని ఇంట్లో కూచోబెట్టుకున్నాం.

నిజమేంటంటే, ఆ క్యాన్సర్ దాదాపు అన్నిసార్లూ హెచ్.పి.వి. అనే వైరస్ వల్ల వస్తుంది. ఆ సంగతి బయటపెట్టిన జర్మనీ డాక్టరు హరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ వైరస్ ఆడామగా కలయికలో వస్తుంది. ఇది విని ఏ మగాడూ పెళ్ళాన్ని అనుమానించొద్దు. ఎంతోమందికి వచ్చేదే, ఎక్కువమందికి దానంతటదే పోతుంది. కొందరిలోనే ఏళ్ళ తరబడి ఉండిపోయి క్యాన్సర్ అవుతుంది. గ్లాసు వల్ల, కంచం వల్ల క్యాన్సర్ అంటుకోదు. వైద్యం అయిపోయి ఇంటికొచ్చిన ఆ మనిషి ఒంట్లో కరెంటు కూడా మిగిలుండదు.

కారణం తెలియడం వేరు, నేరం మోపడం వేరు. శ్రీకాకుళం, విశాఖ వైపు నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మలున్నారు. అంగిట్లో పుండు దానివల్లే. చుట్ట మానితే మళ్ళీ నోట్లో ఇంకో క్యాన్సర్ వచ్చే ప్రమాదం తగ్గుతుంది కాబట్టి ఆ సంగతి చెప్పాల్సిందే. "నీ చుట్టే నీ కొంప తీసింది" అని రోజూ దెప్పితే మాత్రం మానదు, దాచుకుని తాగుద్ది.

మన చదువుకున్నోళ్ళు ఇంకోటి చెబుతారు, ధైర్యంగా ఉంటే క్యాన్సర్ పారిపోద్దని. నేనూ అమ్మకి చెప్పా. ధైర్యం క్యాన్సర్‌ని నయం చేస్తుందనడానికి రుజువు లేదు. రోగం తిరగబెడితే నీకు ధైర్యం చాల్లేదని మళ్ళీ ఆమె మీదే పడతాం. పాత పాపానికే ప్యాంటు తొడిగినట్టు.

అమ్మ బొమ్మ మార్చింది నేను కాదు. బతిమాలి చెకప్‌కి తీసుకుపోతే, అక్కడ ఒక నర్సమ్మ చీటీ వెనక గర్భసంచి బొమ్మ వేసి పది నిమిషాలు చెప్పింది. అంతా విని అమ్మ అడిగింది, "అయితే నేనేం తప్పు చెయ్యలా?" అని. ఆ సాయంత్రం మా ఇంటామె గూట్లో గ్లాసు తీసి, తనే అందులో టీ పోసుకుని తాగింది. ఏమీ అనలా. మర్నాటి నుంచి ఆ గ్లాసు అందరి గ్లాసుల్లో కలిసిపోయింది.

పాపం అనే మాట అమ్మ నోట ఇప్పటికీ ఒక్కోసారి వస్తది. చెకప్ తేదీ మాత్రం తనే గుర్తు చేస్తది.

ఈ సభలో కూచున్నవాళ్ళ ఇళ్ళల్లో కూడా వైద్యం అయిపోయి మూలన కూచున్న తల్లులున్నారు. పేర్లు చెప్పను. వచ్చే సోమవారం నేను సెలవు పెట్టి అమ్మను తీసుకుపోతున్నా. పాత కాగితాలు, కార్డు పట్టుకుని ఆరున్నర బస్సుకి రండి. ఇప్పటికి ఇద్దరు వస్తామన్నారు.