అరగంటలో ఎంత రక్తం

ఈ స్నాతకోత్సవంలో వైద్యపట్టాలు అందుకుంటున్న యువతీయువకులు స్టెతస్కోపులో రోజూ వినే రెండు గుండె చప్పుళ్లలో మొదటిది కర్ణికలకూ జఠరికలకూ, అంటే గుండెలోని పై గదులకూ కింది గదులకూ, నడుమనున్న కవాటాలు మూసుకున్నప్పుడు పుడుతుంది. రెండవది జఠరికల నుంచి మహాధమనికీ పుపుస ధమనికీ దారి ఇచ్చే కవాటాలు మూసుకున్నప్పుడు పుడుతుంది. కవాటం మూసుకుందంటే రక్తానికి వెనుదిరిగే దారి లేదన్నమాట. ఈ ఒక్క విషయాన్ని చివరిదాకా తర్కించి చూడడానికి వైద్యశాస్త్రానికి పద్నాలుగు వందల ఏళ్లకు పైగా పట్టింది.

క్రీ.శ. 2వ శతాబ్దిలో రోమ్‌లో పేరుమోసిన గ్రీకు వైద్యుడు గాలెన్ బోధన ప్రకారం, తిన్న ఆహారం కాలేయంలో రక్తంగా మారి, సిరల గుండా అవయవాలకు చేరి అక్కడే ఖర్చైపోతుంది. ఖర్చైనంత రక్తం ఆహారం నుంచి మళ్లీ తయారవుతూ ఉంటుంది. కుడి జఠరికలోని రక్తం కొంత, రెండు జఠరికల నడిమి గోడలోని కంటికి కనబడని రంధ్రాల గుండా ఎడమ వైపుకు ఊరుతుందని కూడా ఆయన చెప్పాడు. ఆ రంధ్రాలను చూసినవారు ఎవరూ లేకపోయినా, నమ్మినవారికి మాత్రం ఏ తరంలోనూ కొదవ లేదు. 13వ శతాబ్దిలో కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ నఫీస్ ఆ గోడలో రంధ్రాలు లేవనీ, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే ఎడమ వైపుకు చేరుతుందనీ స్పష్టంగా రాసిపెట్టాడు. అయితే బెర్లిన్‌లో ఉన్న ఆ రాతప్రతిని 1924లో ఒక ఈజిప్టు వైద్యుడు గుర్తించేదాకా ఆ ఘనత ఆయనకు దక్కలేదు.

పాడువాలో 1602లో వైద్యపట్టా పుచ్చుకున్న ఆంగ్లేయుడు విలియం హార్వే, 1628లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయిన 72 పేజీల లాటిన్ పుస్తకంలో ఈ చిక్కును విప్పడానికి వాడిన ప్రధాన సాధనం ఒక గుణకారం. జఠరిక ఒక్కో స్పందనకు అర ఔన్సు రక్తాన్నే బయటికి నెడుతుందనీ, అరగంటలో గుండె వెయ్యిసార్లే కొట్టుకుంటుందనీ అనుకున్నా, అరగంటకు 500 ఔన్సులు, అంటే 14 కిలోల పైచిలుకు రక్తం ధమనుల్లోకి చేరాలి. మనిషి ఒంట్లో అంత రక్తం ఉండదు, అంత రక్తానికి సరిపడే ఆహారం అరగంటలో తినడం ఎవరి తరమూ కాదు; కాబట్టి వెళ్లిన రక్తమే తిరిగి వస్తూ ఉండాలి. నేటి కొలతల ప్రకారం విశ్రాంతిలో ఉన్న గుండె ఒక్కో స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పున, నిమిషానికి 72 సార్లు, అంటే నిమిషానికి 5 లీటర్లు, అరగంటకు 150 లీటర్లు పంపుతుంది. హార్వే అంకె అందులో పదో వంతు మాత్రమే. అంకె తప్పినా తర్కం నిలిచిందంటే, ఉన్న పొరబాటంతా తన వాదానికి ప్రతికూలంగానే ఉండేటట్టు ఆయన జాగ్రత్తపడడమే కారణం. ఫలితం ఎటు మొగ్గితే లాభమో అటే అంకెలను సవరించుకునే పరిశోధకులున్న ఈ కాలంలో ఆ పద్ధతి కొంచెం వింతగానే తోచవచ్చు.

లెక్కకు తోడుగా ఆయన చూపిన నిదర్శనం సన్నని చెయ్యి ఉన్నవారెవరైనా చేసి చూడదగినది. దండచేతికి మరీ బిగువు కాకుండా ఒక కట్టు కడితే, లోతున ఉన్న ధమనిలో రక్తం వస్తూనే ఉంటుంది గాని పైపైన ఉన్న సిరలు నొక్కుకుపోయి, ముంజేతిలో ఉబ్బి, అక్కడక్కడ చిన్న ముడులు తేలుతాయి. ఆ ముడులే సిరల్లోని కవాటాలు. ఉబ్బిన సిరను ఒక ముడికి దిగువన ఒక వేలితో నొక్కిపట్టి, మరో వేలితో రక్తాన్ని ముడి దాటేదాకా పైకి తోస్తే, ఆ మధ్య భాగం చదునై అలాగే ఉండిపోతుంది. పైనున్న రక్తాన్ని కిందికి తోయబోతే ముడి దగ్గర ఆగిపోతుంది. దిగువ వేలు ఎత్తగానే కింది నుంచి నిండుతుంది. రక్తనమూనా తీసేవారు దండచేతికి రబ్బరు పట్టీ బిగించే ప్రతిసారీ ఈ ప్రయోగంలో మొదటి సగం జరుగుతూనే ఉంది.

అయితే ధమనుల కొస నుంచి సిరల మొదలుకు రక్తం ఎలా చేరుతుందో హార్వే చూడలేకపోయాడు. కండలోని సూక్ష్మరంధ్రాల గుండా చేరుతుందని ఆయన అనడంలో, గాలెన్ కనబడని రంధ్రాలను తోసిపుచ్చినవాడే తన కనబడని రంధ్రాలను ముందుకు తెచ్చాడన్న ఎత్తిపొడుపుకు తావుంది. కాకపోతే గాలెన్ రంధ్రాలను కోరింది సిద్ధాంతం, హార్వే రంధ్రాలను కోరింది లెక్క. ఆయన 1657లో మరణించగా, 1661లో ఇటలీకి చెందిన మార్చెల్లో మాల్పీగి కప్ప ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినిలో చూసి, ధమనులనూ సిరలనూ కలిపే వెంట్రుకల కన్నా సన్నని గొట్టాలను వర్ణించాడు. అవే రక్తకేశనాళికలు.

గుండె కష్టమంతా ఈ నాళికల కోసమే. వాటి గోడ మందం ఒకే ఒక్క కణం. లోపలి వెడల్పు మైక్రోమీటర్లలో 5 నుంచి 10 వరకు మాత్రమే ఉండడం వల్ల, 7, 8 మైక్రోమీటర్లుండే ఎర్ర రక్తకణం చాలాచోట్ల వంగి, ఒంటి వరుసలో సాగిపోతుంది. పాపికొండల ఇరుకులో వడిగా పారే గోదావరి రాజమహేంద్రవరం దగ్గర వెడల్పై నిదానించినట్టు, మహాధమనిలో సెకనుకు 20 సెంటీమీటర్లకు పైగా పరుగెత్తే రక్తం, లెక్కకు మిక్కిలిగా ఉన్న ఈ నాళికల మొత్తం వైశాల్యంలోకి వచ్చేసరికి సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా కదలదు. ప్రాణవాయువు గోడ దాటి కణజాలంలోకి చేరడానికి దొరికే వ్యవధి ఒకటి నుంచి మూడు సెకన్లు.

ఆ వ్యవధిలో అందేది ఎంతన్నది రక్తంలోని హీమోగ్లోబిన్ మీద ఆధారపడి ఉంటుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో హీమోగ్లోబిన్ 15 గ్రాములుంటే అది సుమారు 20 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోస్తుంది. అంటే నిమిషానికి ఒక లీటరు బయలుదేరితే, విశ్రాంతిలో ఉన్న శరీరం వాడుకునేది అందులో పావు వంతు. హీమోగ్లోబిన్ సగానికి పడిపోతే ఆ మిగులు చాలామటుకు కరిగిపోయి, మెట్లు ఎక్కినంత మాత్రానికే గుండె వేగం పెంచుకోవలసి వస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 విడతలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఈ రక్తహీనతకు ఇనుముతో కలిపి మాత్రగా ఇచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో కృత్రిమంగా తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలకు పరిశోధన సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

గుండె తన కండరానికి కావలసిన రక్తాన్ని కరోనరీ ధమనుల ద్వారా ఎక్కువగా పుచ్చుకునేది స్పందనకూ స్పందనకూ నడుమ సడలి ఉన్నప్పుడే. వేగం పెరిగేకొద్దీ ఆ విరామమే ముందు తరుగుతుంది గనుక, పలచబడిన రక్తంతో పరుగెత్తే గుండెకు పని పెరిగిన వేళలోనే తిండి తగ్గుతుంది. ఆయాసమనీ, దడ అనీ, ఛాతీలో నొప్పి అనీ వచ్చే స్త్రీలలో కొందరి జబ్బు ఈసీజీలో దొరకదు; అదే చీటీ మీద రాసే హీమోగ్లోబిన్ పరీక్షలో దొరుకుతుంది.